యూఎస్‌బీ ఎవరి చేతిలో ఉండాలె?

ఖిలా వరంగల్ కోట లోపల ఊరు ఇంకా బతికే ఉంది. మధ్యకోటలో, కీర్తి తోరణాలు చూసి ఖుష్ మహల్ వైపు నడిచే వాళ్ళకు ఇళ్ళూ దుకాణాలూ తగులుతూనే ఉంటాయి. అలాంటి ఒక జిరాక్స్, ఆన్‌లైన్ సేవల దుకాణం తమ్ముడిది. కంప్యూటర్లో లైనక్స్, బల్ల మీద ప్రింటరూ స్కానరూ కలిసిన యంత్రం, పక్కన వేలిముద్రల పరికరం, సొరుగులో ఒక రేడియో డాంగిల్. అక్క హైదరాబాదులో కర్నెల్ డ్రైవర్లు రాసే ఉద్యోగం చేస్తుంది, బతుకమ్మకు ఇంటికి వచ్చింది. గిరాకీ లేని మధ్యాహ్నం ఇద్దరికీ మాట పెరిగింది.

తమ్ముడు: అక్కా, మీ కర్నెల్‌కు ఆశ జెర ఎక్కువ. ఈ డాంగిల్ పెడితే చాలు, నేను అడగకముందే పట్టుకుంటది. నా రేడియో ప్రోగ్రాం తెరుద్దామంటే, ఇది ఇప్పటికే ఇంకొకరి చేతుల ఉన్నదని ఆగిపోతది. పోయి చూస్తే లోపల డీవీబీ డ్రైవర్ కూసున్నది. టీవీ చూసేటందుకంట!

అక్క: దాని తప్పేమున్నది తమ్మీ? ఆ చిప్ రియల్‌టెక్ వాళ్ళ ఆర్‌టీఎల్2832యూ. పుట్టిందే టీవీ కోసం. తగిలించంగనే తన గుర్తింపు నంబర్లు చెప్పుకుంటది, 0బీడీఏ, 2838 అని. కర్నెల్ తన పట్టికలో ఆ నంబర్లు వెతికి, వాటికి రాసిపెట్టిన డ్రైవర్‌ను కలుపుతది. నువ్వు పెన్‌డ్రైవ్ పెట్టంగనే ఫోల్డర్ తెరుచుకుంటది చూడు, అదీ ఇదే పద్ధతి. అక్కడ మంచిగున్నది ఇక్కడ చెడ్డదెట్ల అయితది?

తమ్ముడు: ఏ టీవీ అక్కా? ఈ చిప్‌కు వచ్చింది డీవీబీ-టీ ఒక్కటే. దూరదర్శన్ 2016ల మొబైళ్ళకని మొదలుపెట్టింది డీవీబీ-టీ2. దాన్ని ఇది విప్పలేదు. రాని బొమ్మ కోసం మీ డ్రైవర్ కాపలా కాస్తుంటే, వచ్చే సిగ్నల్ నాకు అందకుంట పోతున్నది. ఇదే చిప్ ముడి శాంపిళ్ళను ఉన్నవి ఉన్నట్టు కంప్యూటర్‌కు పంపగలదని 2012ల లోకానికి తెలిసింది. ఫిన్లాండ్ డెవలపర్ అంట్టి పలొసారి బయటపెట్టిన సంగతిని పట్టుకొని ఆస్మోకామ్ వాళ్ళు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ రాసిండ్రు. సెకనుకు 24 లక్షల శాంపిళ్ళు, ఒక్కోదానికి రెండు బైట్లు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన కోట మీంచి పోయేటప్పుడు అప్పుడప్పుడు 145.800 మెగాహెర్ట్జ్ మీద బొమ్మలు పంపుతది. అది పది నిమిషాల్ల దాటిపోతది. ఆ పది నిమిషాలు నేను మీ డ్రైవర్‌తోని పంచాయితీ పెట్టుకోవాల్నా?

అక్క: మరి పంచాయితీ ఎట్ల తెంపినవ్?

తమ్ముడు: ఆ మాడ్యూల్ పేరు బ్లాక్‌లిస్ట్ ఫైల్ల రాసిన. పర్మిషన్ గొడవ వద్దని యూడెవ్ రూల్ల మోడ్ 0666 పెట్టిన. అయినా ఎక్కడన్న మొరాయిస్తే సుడో ఉండనే ఉన్నది.

అక్క: మూడూ ఒకటే జబ్బు. బ్లాక్‌లిస్ట్ అంటే ఆ డ్రైవర్ ఈ కంప్యూటర్‌లో ఎవరికీ, ఏ పరికరానికీ దానంతటది రావద్దని రాసుడు. 0666 అంటే ఈ కంప్యూటర్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కు ఆ పరికరం రాసిచ్చుడు. సుడో అయితే చెప్పేదే లేదు, ఒక డాంగిల్ తెరిచేటందుకు మొత్తం యంత్రాన్ని అప్పజెప్పినవ్. నీకు కావల్సింది ఒక పరికరం, అందులో ఒక ఇంటర్‌ఫేస్, అది కూడా పది నిమిషాలు. అడిగిందెంత, తీసుకున్నదెంత?

తమ్ముడు: అడిగెటానికి మీరు దారి పెడితే కద.

అక్క: దారి ఎప్పటినుంచో ఉన్నది. ప్రతి యూఎస్‌బీ పరికరానికి డెవ్ కింద బస్, దాని కింద యూఎస్‌బీ అనే డైరెక్టరీలో ఒక ఫైల్ పుడుతది. దాన్ని తెరిచి, నాకు ఫలానా ఇంటర్‌ఫేస్ కావాలె అని కర్నెల్‌ను అడగాలె. క్లెయిమ్ చేసుడు అంటరు. మాట జాగ్రత్తగా విను, పరికరం అనలేదు, ఇంటర్‌ఫేస్ అన్న. డ్రైవర్ అతుక్కునేది కూడా ఇంటర్‌ఫేస్‌కే. నీ బల్ల మీది ప్రింటర్-స్కానర్ తీసుకో. తీగ ఒక్కటే, లోపల ప్రింటర్‌కు ఒక ఇంటర్‌ఫేస్, స్కానర్‌కు ఇంకొకటి. స్కానర్ ప్రోగ్రాం తన ఇంటర్‌ఫేస్ తీసుకుంటే ప్రింటర్‌కు ఏ నొప్పీ లేదు. ఒక ఇంటర్‌ఫేస్‌కు ఒక్కసారికి ఒక్కరే యజమాని. అది కర్నెల్ డ్రైవరైనా, నీ ప్రోగ్రామైనా.

తమ్ముడు: నువ్వే నా సాక్ష్యం తెచ్చినవ్. స్కానర్ కోసం లైనక్స్ కర్నెల్‌ల ఒకప్పుడు ఒక మాడ్యూల్ ఉండె. 2.6 కాలంల, 2004 ప్రాంతంల, దాన్ని తీసేసిండ్రు. ఎందుకంటె సేన్ అనే సాఫ్ట్‌వేర్ లిబ్‌యూఎస్‌బీ అనే లైబ్రరీ పట్టుకొని ఆ పని బయటనే చేస్తున్నది. ప్రింటర్ సంగతి చూడు. ప్రింటింగ్ చూసుకునే కప్స్ కూడా లిబ్‌యూఎస్‌బీ దారికి మళ్ళింది, కర్నెల్‌ల ఉన్న యూఎస్‌బీఎల్‌పీ మాడ్యూల్‌తోని కొన్నేండ్లు కొట్లాడింది, ఆఖరికి దాన్ని తానే పక్కకు జరిపి పని చేసుకునుడు నేర్చింది. ఆధార్ వేలిముద్ర యంత్రం ఫోనుకు పెట్టినప్పుడు యాప్ చేసిన వాళ్ళు ఆ ఫోన్ల కర్నెల్ మాడ్యూల్ ఎక్కిస్తరా? ఎక్కియ్యలేరు. ఈ యాప్‌కు ఈ పరికరం ఇయ్యాల్నా అని తెర మీద అడుగుతది, సరే అని నొక్కుతం, అయిపోయింది. ఆండ్రాయిడ్ 3.1 వచ్చిన 2011 నుంచి ఇదే పద్ధతి. పైగా క్లెయిమ్ చేసే ఫంక్షన్లనే ఫోర్స్ అని ఒక మాట ఉన్నది, కర్నెల్ డ్రైవర్ కూసుంటే లేపి మరీ ఇయ్యమని. అంటే నా దుకాణంల ప్రింటర్, స్కానర్, వేలిముద్ర, రేడియో, నాలుగూ కర్నెల్ బయటనే బతుకుతున్నయి. ఇంక లోపల మీకేం పని?

అక్క: నువ్వు చెప్పిన నాలుగింటిలో వేలిముద్ర యంత్రం నీ మాటకు అడ్డం తిరుగుతది. మొదట్ల ఏ యాప్ అయినా పరికరం నుంచి వేలిముద్ర ముడి బొమ్మ తీసుకోగలిగేది. దాన్ని దాచిపెట్టుకొని రేపు మళ్ళీ వాడితే ఏం గతి? అందుకే 2017లో ఆధార్ సంస్థ రిజిస్టర్డ్ పరికరాలు తప్పనిసరి చేసింది. ఇప్పుడు నీ కంప్యూటర్‌లో ఆర్‌డీ సర్వీస్ అనే ఒక ప్రోగ్రాం నడుస్తది. పరికరం దాని చేతిలో ఉంటది. నీ బ్రౌజర్ దాన్ని 11100 నుంచి 11120 దాకా ఉన్న పోర్టుల్లో వెతుక్కొని అడిగితే, సంతకం పెట్టి, తాళం వేసిన పొట్లం ఇస్తది. ముడి బొమ్మ నీకు రాదు. కర్నెల్ బయట ఉన్నంత మాత్రాన ఎవరైనా ముట్టొచ్చు అనుకున్న రోజులు పోయినయి తమ్మీ.

తమ్ముడు: పోయినయి సరే, ఆ కాపలా పెట్టింది కర్నెల్ కాదు కద. అది కూడా మామూలు ప్రోగ్రామే. కాపలా కావాలంటే బయట కూడా పెట్టుకోవచ్చని నువ్వే చెప్తున్నవ్.

అక్క: కాపలా ఒక్కటే ఉండాలె అని చెప్తున్న. 2018లో ఏమైందో విను. అంతకుముందు ఏడాదే క్రోమ్ బ్రౌజర్ వెబ్‌యూఎస్‌బీ అని తెచ్చింది, వెబ్ పేజీలు నేరుగా యూఎస్‌బీ పరికరంతో మాట్లాడేటట్టు. యూబీకీ అనే భద్రతా కీ ఉంటది. దాని బలమంతా ఒక్క నియమంలో ఉన్నది, అడుగుతున్న వెబ్‌సైట్ అసలుదా కాదా అని బ్రౌజర్ చూసి చెప్తది. పరిశోధకులు యూబీకీ నియోలో ఉన్న ఇంకో ఇంటర్‌ఫేస్ నుంచి వెబ్‌యూఎస్‌బీతో పోయి చూపించిండ్రు. ఆ దారిలో సైట్ పేరు చూసేటోడే లేడు. గూగుల్ వెంటనే ఆ దారి మూసింది. పరికరం చెడ్డది కాదు, ప్రోగ్రాం చెడ్డది కాదు. ఒకే పరికరానికి రెండు దర్వాజాలు పెట్టిండ్రు. మన కోటకు మట్టిగోడ బయట, రాతిగోడ లోపల ఎందుకు కట్టిండ్రు? ఒకటి దాటినోడికి ఇంకొకటి ఎదురుగా ఉండాలని, పక్కదారి దొరకాలని కాదు.

తమ్ముడు: రెండు గోడలున్నా 1323ల కోట పోనేపోయింది కద అక్కా. గోడల మాట నువ్వెత్తినవ్ కాబట్టి లోపలి మాట అడుగుత. గోడ లోపల ఉన్నోడే తప్పు చేస్తే? 2024 జూలై 19 యాదికున్నదా? క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక ఫైల్ తప్పుగ ఉండె. దాన్ని చదివింది కర్నెల్ల కూసున్న డ్రైవర్. మైక్రోసాఫ్ట్ లెక్కల 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయినయి. హైదరాబాద్ విమానాశ్రయంల బోర్డింగ్ పాసులు పెన్నుతోని రాసిచ్చిండ్రు. నా రేడియో ప్రోగ్రాం కూలితే నా రేడియో ఒక్కటే ఆగుతది. మీ డ్రైవర్ కూలితే అన్నీ ఆగుతయి.

అక్క: అది యూఎస్‌బీ డ్రైవర్ కాదు.

తమ్ముడు: అయితే యూఎస్‌బీదే చెప్త. 2017ల గూగుల్ ఇంజనీర్ ఆంద్రే కొనొవలొవ్ సిజ్‌కాలర్ అనే పనిముట్టుతోని లైనక్స్ యూఎస్‌బీ డ్రైవర్లకు తప్పుడు జవాబులు చెప్పే దొంగ పరికరాలు చూపించిండు. ఆ నవంబర్ల ఒక్క ప్రకటనలనే 14 లోపాలు బయటపెట్టిండు. తీగ గుచ్చితే కర్నెల్ పడిపోయేటివి అవి. నువ్వు రాసే కోడ్ ఎంత పదునుగ ఉన్నా, దాని ఎదురుంగ ఉండే పరికరం ఎవరు చేసిందో నీకు తెల్వదు.

అక్క: ఒప్పుకుంట. ఆ లోపాలు నిజం. అవి ఎట్ల నయమైనయో కూడా చెప్పు. కర్నెల్‌లో ఒక్కచోట దిద్దితే, అప్‌డేట్ వచ్చిన ప్రతి యంత్రంలో దిద్దుకున్నయి. బయట రాసిన డ్రైవర్ అట్ల కాదు. ఒక్కో యాప్ తన పొట్టలో లిబ్‌యూఎస్‌బీ ప్రతిని పెట్టుకొని తిరుగుతది. దాంట్లో లోపముంటే ఎన్ని చోట్ల దిద్దుతవ్? ఇంకోటి, వేగం. యూఎస్‌బీఎఫ్‌ఎస్ అనే, డెవ్ కింది ఫైళ్ళ దారిలో పోయే డేటాకు లైనక్స్ మామూలుగా 16 మెగాబైట్ల హద్దు పెడుతది. నీ రేడియోకు అది సరిపోతది. ఫ్యాక్టరీల్లో వాడే పెద్ద కెమెరాలు రెండు పెట్టి చూడు, ఫ్రేములు పడిపోతుంటయి. అందరూ ఆ హద్దును పెంచుకునుడే మందు అనుకుంటరు, లోపలి దారి చూడరు. నీ రేడియో సంగతే తీసుకో, పలొసారి పేరు చెప్పినవ్ కద? అదే మనిషి ఇదే చిప్‌కు కర్నెల్ లోపలనే ఎస్‌డీఆర్ డ్రైవర్ రాసిండు, 2014లోనే. స్వ్‌రేడియో అనే పేరుతో ఫైల్ పుడుతది, దాంట్లోంచి శాంపిళ్ళు చదువుకోవచ్చు. నువ్వు డాంగిల్‌ను కర్నెల్ నుంచి గుంజుకోవాల్సిన పనే లేకుండె.

తమ్ముడు: మరి దాన్ని ఎందరు వాడుతున్నరు? అందరి నోట్ల ఉన్నది ఆర్‌టీఎల్-ఎస్‌డీఆరే. ఎందుకు? అదే కోడ్ విండోస్‌ల నడుస్తది, మ్యాక్‌ల నడుస్తది, నా ఫోన్ల నడుస్తది. కొత్త ట్యూనర్ వస్తే రాత్రికి కోడ్ మార్చి పొద్దుగాల నడిపియ్యచ్చు. మీ దగ్గర ఒక ప్యాచ్ పంపి, అది కర్నెల్లకు ఎక్కి, ఆ కర్నెల్ నా ఉబుంటుకు వచ్చేదాక ఎదురుచూడాలె. పైగా మీ డ్రైవర్ రాసినోడు, ఈ పరికరంతోని మనిషి ఏం చేస్తడో ముందే తేల్చి పెడుతడు. చిప్ చేసినోడు టీవీ అన్నడు. వాడెటోళ్ళు రేడియో అన్నరు. ఎవరి మాట చెల్లాలె?

అక్క: ఆ ఒక్క మాటకు నా దగ్గర ఎదురు జవాబు లేదు. వాడెటోళ్ళ మాటే చెల్లాలె. కాకుంటే గుంజుకునే తీరు మీద మాత్రం నేను తగ్గ. నువ్వు అనుకుంటున్నట్టు మేము దారి మూసి కూసోలేదు. 2012కు ముందు ఒక ప్రోగ్రాం కర్నెల్ డ్రైవర్‌ను లేపి, తర్వాత క్లెయిమ్ చేయాల్సి ఉండె. రెండు పనుల నడుమ సందులో ఇంకెవరైనా దూరొచ్చు. హాన్స్ డి గూడ అనే డెవలపర్ రెండూ ఒక్కసారే అయ్యేటట్టు కొత్త పిలుపు రాసిండు, లైనక్స్ 3.7లో వచ్చింది. అందులో ఇంకో సుగుణం ఉన్నది. ఫలానా డ్రైవర్ ఉంటే మాత్రం లేపకు అని చెప్పొచ్చు. లిబ్‌యూఎస్‌బీ ఏం చెప్తదో తెలుసా? కర్నెల్ డ్రైవర్ ఉంటే లేపు, ఇంకో ప్రోగ్రాం తీసుకొని ఉంటే మాత్రం ముట్టకు అని.

తమ్ముడు: అంటే కర్నెల్‌ను లేపచ్చు, పక్కోణ్ణి లేపద్దు. మీరే రాసిన్రా ఈ నియమం?

అక్క: మేమే. ఎందుకంటే కర్నెల్ డ్రైవర్ వేరే పని చేసుకుంటూ మళ్ళీ రమ్మంటే రాగలదు. పక్క ప్రోగ్రాం సగం స్కాన్‌లో ఉంటే దాని పని పాడైతది. నీ డాంగిల్ తెరిచేటప్పుడు లిబ్‌యూఎస్‌బీలో ఆటో డిటాచ్ అని ఒక మాట చెప్పు చాలు. క్లెయిమ్ చేసినప్పుడు డ్రైవర్‌ను అదే పక్కకు జరుపుతది, రిలీజ్ చేసినప్పుడు అదే తిరిగి కలుపుతది. బ్లాక్‌లిస్ట్ అక్కర్లేదు. 0666 బదులు డాంగిల్ గుర్తింపు నంబర్లు రెండూ రాసి, యూయాక్సెస్ అనే ట్యాగ్ పెట్టు. ఆ కంప్యూటర్ ముందు కూసొని లాగిన్ అయిన మనిషికి మాత్రమే పరికరం అందుతది. రూల్ ఫైల్ పేరు ముందు నంబర్ 73 కంటే చిన్నది ఉండాలె, లేకుంటే ట్యాగ్ పనిచేసే వేళ దాటిపోతది. సుడో మర్చిపో.

తమ్ముడు: పర్మిషన్ అంత బిగించాల్నా? నా ఇంట్ల నా డాంగిల్.

అక్క: ఆ ఫైల్ మీద రాసే హక్కు ఉన్న ఏ ప్రోగ్రామైనా, అక్కడ కూసున్న డ్రైవర్‌ను లేపగలదు. డాంగిల్ అయితే నష్టం లేదు. అదే 0666 రూల్‌ను అన్ని యూఎస్‌బీ పరికరాలకు వర్తించేటట్టు రాసినోళ్ళు మస్తుమంది ఉన్నరు. అట్ల రాస్తే గిరాకీ పెట్టిన పెన్‌డ్రైవ్ మీదికెల్లి యూఎస్‌బీ-స్టోరేజ్ డ్రైవర్‌ను ఏ ప్రోగ్రామైనా లేపొచ్చు. కర్నెల్ లెక్కలో అది రాత నడుమ తీగ పీకినట్టే. వాళ్ళ పెండ్లి ఫోటోలు సగంలో ఆగుతయి.

తమ్ముడు: అది నిజమే, డిస్క్ నాకు వద్దు, మీరే పెట్టుకోండ్రి. ఫైళ్ళు నేను ఒక్కణ్ణే చదవను, పది ప్రోగ్రాములు చదువుతయి. కీబోర్డూ అంతే. నెట్‌వర్కూ అంతే. వాటికి నడుమ పెద్దమనిషి కావాలె.

అక్క: నేను చెప్పేది కూడా అదే. పదిమంది పంచుకునేది లోపల ఉండాలె. ఒక్క ప్రోగ్రాంతోనే, దాని సొంత భాషలో మాట్లాడే పరికరం, స్కానర్ లాంటిది, నీ రేడియో లాంటిది, బయట ఉండొచ్చు.

తమ్ముడు: నీ లెక్క సగమే బాగున్నది. కర్నెల్ పక్కకు జరిగినంక కూడా కొట్లాట అయితది. ఐపీపీ-యూఎస్‌బీ అని కొత్త సర్వీస్ వచ్చింది, కొత్త ప్రింటర్ల ఇంటర్‌ఫేసులు అదే పట్టుకుంటది. అది పట్టుకున్నంక పాత సేన్ డ్రైవర్‌కు స్కానర్ దొరకదు. కెమెరా సంగతి కూడా అంతే. తోరణం ఫోటో తీసుకొచ్చి కెమెరా తీగ పెట్టి జీఫోటో2 నడిపితే, డెస్క్‌టాప్‌ల నడిచే జీవీఎఫ్‌ఎస్ ముందే పట్టుకొని ఉంటది. అక్కడ కర్నెల్ డ్రైవరే లేదు. ఇద్దరూ మామూలు ప్రోగ్రాములే. మరి కర్నెల్ లోపలా బయటా అని మనం ఇంతసేపు తెంపుతున్నది ఏంది?

అక్క: అదీ మంచి ప్రశ్న. తెంపాల్సింది ఎక్కడ ఉండాలనేది ఒక్కటే కాదు. ఎంత తీసుకున్నవ్, ఎంతసేపు పట్టుకున్నవ్, తిరిగి ఇస్తివా లేదా. ఐపీపీ-యూఎస్‌బీ పట్టుకున్న దాన్ని తన ద్వారా అందరికీ పంచుతది కాబట్టి అది పెద్దమనిషి తరీఖ. జీవీఎఫ్‌ఎస్ నువ్వు అడగకముందే పట్టుకొని వదలకుంట కూసుంటది కాబట్టి నువ్వు మా డీవీబీ డ్రైవర్ మీద వేసిన నింద దాని మీద కూడా వెయ్యి. కర్నెల్ల ఉన్నదని మాకు ఎక్కువ శిక్ష వద్దు.

తమ్ముడు: సరే, బ్లాక్‌లిస్ట్ ఫైల్ తీసేస్త. 0666 మారుస్త. ఆటో డిటాచ్ పెడుత. కాని ఇంక స్కానర్‌ను మళ్ళీ కర్నెల్లకు తెస్తమంటే మాత్రం నేను ఒప్పుకోను.

అక్క: తెమ్మన్నదెవరు? నాకింకా ఒక్క బాకీ ఉన్నది నీ మీద. నీ ప్రోగ్రాం మంచిగ మూస్తే రిలీజ్ అయితది, డ్రైవర్ తిరిగి వస్తది. నడుమ చచ్చిపోతే?

తమ్ముడు: చచ్చిపోతే ఫైల్ మూసుకుపోతది కద. కర్నెల్ ఆ ఇంటర్‌ఫేస్‌ను తానే విడిపిస్తది.

అక్క: విడిపిస్తది, అంతే. పాత డ్రైవర్‌ను తిరిగి కలపదు. కలపమని అడిగేటోడు చచ్చిపోయిండు. తీగ పీకి పెట్టేదాక, లేకుంటే ఎవరైనా కూసొని చేత్తోని బైండ్ చేసేదాక ఆ పరికరం ఎవరిదీ కాదు. నీ రేడియోకు అది ఫర్వాలేదు, ఎందుకంటే టీవీ ఎట్లాగూ రాదు. రేపు ఇదే పద్ధతిని దవాఖానాలో ఒక యంత్రానికి పెడతరు, నడుమ ప్రోగ్రాం కూలుతది. అప్పుడు తిరిగి అప్పజెప్పే బాధ్యత ఎవరిది? నీ కోడ్‌దా, నా కర్నెల్‌దా?

తమ్ముడు: మీదే. కర్నెల్‌కు ఎవరు ఎప్పుడు చచ్చిండ్రో తెలుసు, మాకు తెల్వదు. మీ డ్రైవర్‌ను మేము లేపినప్పుడు రాసిపెట్టుకోండ్రి, మేము పోయినంక మీరే పిలుచుకోండ్రి.

అక్క: నువ్వు పోయినవో, రెండు సెకన్లలో మళ్ళీ లేచి అదే పరికరం అడుగుతవో మాకెట్ల తెలుస్తది? కూలిన ప్రోగ్రామ్‌ను సిస్టమ్‌డీ తిరిగి లేపే కాలం ఇది. ఆ నడుమ మేము మా డ్రైవర్‌ను కలిపితే, అది పరికరాన్ని మొదటి స్థితికి తెస్తది, నీ సగం పని పోతది. అప్పుడు మళ్ళీ కర్నెల్‌కు ఆశ ఎక్కువ అని నువ్వే అంటవ్.

తమ్ముడు: అంట. కాని అప్పుడు కూడా నాది న్యాయమే ఉంటది.

అక్క: ఉండొచ్చు. అయితే నువ్వే రాయి తమ్మీ, ఎంతసేపు ఆగాలె, ఎవరు తేల్చాలె అనేది. నువ్వు రాసింది అన్ని పరికరాలకూ నిలబడితే ప్యాచ్‌గ పంపుదాం. నిలబడకపోతే, ఒక్కో పరికరానికి ఒక్కో తీర్పు అని ఒప్పుకో.